నెత్తురులో కొడవలి

మీలో చాలామంది కె.సి. కాలువను చూసే ఉంటారు. కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి, నంద్యాల ప్రాంతం మీదుగా కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు సాగుతుంది. 1863లో తవ్వకం మొదలుపెట్టి 1870 నాటికి ముగించారు. అప్పట్లో అందులో పడవలు కూడా నడిచేవి. ఇప్పుడు మనకు కావలసింది పడవల సంగతి కాదు, ఆ కాలువ చివరనున్న పొలం సంగతి.

పెద్ద కాలువలో నీళ్ళు నిండుగా పారుతూనే ఉంటాయి. అయినా ఒక్కొక్క రోజు చివరి మడికి చుక్క కూడా అందదు. రైతు పార భుజాన వేసుకుని గట్టు వెంబడి పైకి నడుస్తాడు. చూస్తే ఎక్కడో పిల్లకాలువ తూములో ఒక తుమ్మకంప అడ్డం పడి ఉంటుంది. నున్నని గులకరాయి అయితే దొర్లుకుంటూ పోయేది. కంప అట్లా పోదు. దాని ముళ్ళకు గడ్డి తగులుకుంటుంది, గడ్డికి ఇంకో కంప తగులుకుంటుంది. గంట గడిచేసరికి తూము పూడిపోతుంది. అవతల పైరు వాడిపోతుంది.

మన ఒంట్లో కూడా ఇటువంటి కాలువలున్నాయి. గుండె నుంచి బయలుదేరిన పెద్ద నాళాలు చీలి చీలి, చివరకు వెంట్రుక కన్న ఎంతో సన్నని రక్తకేశనాళికలుగా మారతాయి. వాటిలో గుండా ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనుక ఒకటి వరుసకట్టి నడవాలి. ఎర్రకణం అడ్డుకొలత మిల్లీమీటరులో వెయ్యోవంతులు ఏడో ఎనిమిదో ఉంటుంది. కొన్ని కేశనాళికలు అంతకన్నా ఇరుకు. మరి కణం ఎట్లా దూరుతుంది? వంగి దూరుతుంది. మధ్యలో కాస్త నొక్కినట్లుండే గుండ్రని, మెత్తని బిళ్ళ అది. ఇరుకులో మడతపడి, అవతలికి రాగానే మళ్ళీ గుండ్రంగా విచ్చుకుంటుంది. ఇట్లా 120 రోజుల పాటు ఒళ్ళంతా తిరిగి, ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువును నింపుకుని, కండరాలకూ ఎముకలకూ మెదడుకూ దాన్ని పంచిపెడుతుంది.

కొందరి నెత్తుటిలో ఈ బిళ్ళలు, ప్రాణవాయువును దించగానే, బిరుసెక్కి కొడవలిలాగా వంకర తిరుగుతాయి. తూములో కంప పడినట్లే అవుతుంది. ఒకదానికొకటి చిక్కుకుని నాళిక మూసుకుపోతుంది. అవతలనున్న ఎముకకో కండకో ప్రాణవాయువు అందదు. అప్పుడు వచ్చే నొప్పి మామూలు నొప్పి కాదు. ఈ జబ్బునే కొడవలి కణ వ్యాధి అంటారు. డాక్టర్లు సికిల్ సెల్ అంటారు. ప్రపంచంలో ఏటా 3 లక్షల మందికి పైగా పిల్లలు ఈ జబ్బుతో పుడుతున్నారు. వీరిలో ఎక్కువమంది ఆఫ్రికాలోను, ఆ తరువాత మన దేశంలోను ఉన్నారు.

తరగతిలో సుంకన్న

మీ తరగతిలో సుంకన్న అనే కుర్రవాడున్నాడనుకోండి. పేరు నేను పెట్టినదే గాని, అతని లక్షణాలు మాత్రం నేను కల్పించినవి కావు.

సుంకన్న వయసుకు తగినంత ఎదగలేదు. కళ్ళు ఎప్పుడూ కాస్త పచ్చగా ఉంటాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతాడు. నెలకు మూడు నాలుగు రోజులు బడికి రాడు. ఆటల పీరియడులో చెట్టు కింద కూర్చుంటాడు. పాఠం మధ్యలో లేచి "సార్, బయటికి పోయొస్తా" అని వేలు చూపిస్తాడు. గంట తిరగకుండానే మళ్ళీ అడుగుతాడు. ఎవరో వెనుక బెంచీ నుంచి నవ్వుతారు. మాస్టారు విసుక్కుంటారు. ఈతకు పిలిస్తే బావి దగ్గరికే రాడు. "పిరికివాడు" అని పేరు పడిపోతుంది.

ఇప్పుడు ఒక్కొక్క లక్షణానికీ కారణం చూద్దాం. కొడవలి కణం 120 రోజులు బతకదు. పది ఇరవై రోజుల్లోనే పగిలిపోతుంది. ఎముకల లోపలి మజ్జ ఎంత వేగంగా కొత్త కణాలను తయారుచేసినా ఈ నష్టాన్ని పూర్తిగా పూడ్చలేదు. అందుకే రక్తహీనత, ఆయాసం, ఎదుగుదల లేకపోవడం. పగిలిన కణాల్లోని ఎర్రని పదార్థం విరిగి పసుపుపచ్చని పదార్థంగా మారుతుంది. అది కళ్ళలో చేరుతుంది. దాన్ని పచ్చకామెర్లు అనుకుని ఆకు పసరు పోయించేవాళ్ళున్నారు. ఈ పసుపు అంటువ్యాధి వల్ల వచ్చినది కాదు. సుంకన్న పక్కన కూర్చుంటే మీకేమీ అంటుకోదు.

ఇక మాటిమాటికీ బయటికి పోవడం. మూత్రపిండాల లోపలి భాగంలో ప్రాణవాయువు ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది. కాబట్టి అక్కడ కణాలు తొందరగా కొడవళ్ళవుతాయి, సన్ననాళాలు దెబ్బతింటాయి. మనం నీళ్ళు తక్కువ తాగిన రోజున మన మూత్రపిండాలు నీటిని పొదుపు చేసి, చిక్కని మూత్రాన్ని కొద్దిగా విడుస్తాయి. సుంకన్న మూత్రపిండాలకు ఆ పొదుపు చేతకాదు. తాగినా తాగకపోయినా నీళ్ళు పోతూనే ఉంటాయి. అంటే అతను వేలు చూపించడం సాకు కాదు, జబ్బే. అతన్ని బయటికి పంపకపోతే ఏం చేస్తాడు? అడగవలసి వస్తుందని నీళ్ళు తాగడం మానేస్తాడు. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

దానికి కారణం తెలియాలంటే కణం లోపలికి వెళ్ళాలి.

ఒక్క అక్షరం తేడా

1904లో వెస్టిండీస్ దీవుల్లోని గ్రెనడా నుంచి వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే యువకుడు దంతవైద్యం చదవడానికి అమెరికాలోని చికాగో నగరానికి వచ్చాడు. అక్కడ జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడు. ఎర్నెస్ట్ అయన్స్ అనే చిన్న డాక్టరు అతని నెత్తుటి చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి ఆశ్చర్యపోయాడు. గుండ్రని కణాల మధ్య పొడుగ్గా, వంకరగా, కొడవలిలాంటి కణాలున్నాయి. ఆయన పై డాక్టరు జేమ్స్ హెరిక్ ఈ సంగతిని 1910లో ప్రకటించాడు. నోయెల్ చదువు ముగించి, స్వదేశానికి వెళ్ళి పళ్ళ డాక్టరుగా పనిచేశాడు. 1916లో న్యుమోనియాతో చనిపోయాడు. అప్పటికి అతని వయసు 32 ఏళ్ళు.

కొడవలి ఎందుకు ఏర్పడుతుందో తెలియడానికి దాదాపు మరో నలభై ఏళ్ళు పట్టింది. 1949లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు రోగుల హీమోగ్లోబిన్‌ను విద్యుత్ క్షేత్రంలో పెట్టి పరుగెత్తించారు. మామూలు హీమోగ్లోబిన్ ఒక వేగంతో కదిలింది, రోగులది మరో వేగంతో కదిలింది. అంటే అణువులోనే ఏదో తేడా ఉందన్నమాట! ఒక జబ్బుకు మూలం ఒక అణువులో ఉందని చూపించడం అదే మొదటిసారి. ఆ తేడా ఏమిటో 1956-57లో ఇంగ్లండులో వెర్నన్ ఇంగ్రామ్ పట్టుకున్నాడు.

హీమోగ్లోబిన్ ఒక మాంసకృత్తు. దానిలోని గొలుసులు అమినో ఆమ్లాలనే పూసలతో గుచ్చినవి. అందులో బీటా అనే గొలుసుకు 146 పూసలు. మామూలుగా ఆరో పూస గ్లుటామిక్ ఆమ్లం. కొడవలి రోగుల్లో ఆ ఒక్క చోట వాలీన్ అనే మరో పూస ఉంది. మిగిలిన 145 పూసలూ యథాతథంగానే ఉన్నాయి. "పాలు" అనే మాటలో ఒక్క అక్షరం మార్చి "పాము" అని రాసినట్లుంది కదూ!

గ్లుటామిక్ ఆమ్లానికి నీరంటే ఇష్టం. వాలీన్ నూనె స్వభావం కలది, నీటికి దూరంగా నక్కాలని చూస్తుంది. హీమోగ్లోబిన్ ప్రాణవాయువును దించగానే దాని ఆకారం కాస్త మారుతుంది. అప్పుడు ఒక అణువులోని వాలీన్ పక్క అణువులోని ఒక గుంటలో ఇమిడిపోతుంది. ఆ అణువులోని వాలీన్ మరొకదానిలో ఇముడుతుంది. ఇట్లా వేలాది అణువులు తాళ్ళు పేనినట్లు పేనుకుని, పొడుగాటి బిరుసు కడ్డీలవుతాయి. ఆ కడ్డీలు లోపలినుంచి పొడవడం వల్ల మెత్తని బిళ్ళ కొడవలి అవుతుంది. ఊపిరితిత్తులకు తిరిగి చేరి ప్రాణవాయువు దొరికితే కడ్డీలు విడిపోతాయి, బిళ్ళ మళ్ళీ గుండ్రమవుతుంది. కాని ఇట్లా మాటిమాటికీ వంగీ నిలిచీ, కొన్నాళ్ళకు కణం శాశ్వతంగా కొడవలిగానే మిగిలిపోతుంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. కడ్డీలు పేనుకోవడానికి కొంచెం సమయం పడుతుంది. ఆలోపల కణం ఇరుకుదాటి ఊపిరితిత్తుల దారి పడితే గండం గడిచినట్లే. కాని ఒంట్లో నీరు తగ్గితే కణంలోని నీరు కూడా బయటికి పోతుంది. లోపల హీమోగ్లోబిన్ చిక్కబడుతుంది. అది కొద్దిగా చిక్కబడినా సరే, కడ్డీలు కట్టే వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇరుకు దాటేలోపలే కొడవలి తయారు!

ఇప్పుడు మే నెలలో కర్నూలును తలుచుకోండి. ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. వాకిట్లో ఆరేసిన బట్ట అరగంటలో ఎండుతుంది. చెమట పట్టినట్లు కూడా తెలియకుండానే నీరు ఆవిరైపోతుంది. మనకది దాహం. సుంకన్నకది నొప్పి. అతని చేతిలోని నీళ్ళసీసా మందుసీసాతో సమానం. బావి దగ్గరికి ఎందుకు రాడో కూడా చెప్పాలి కదా. చల్లని నీళ్ళలో దూకితే చర్మం కింది నాళాలు ముడుచుకుంటాయి, రక్తం నడక మందగిస్తుంది, కణాలు ఇరుకులో ఎక్కువసేపు నిలిచిపోతాయి. ఒకసారి దూకి రెండు రోజులు మంచం పట్టినవాడు మళ్ళీ బావివైపు రాడు.

2019లో కేరళ పాఠశాలల్లో పిల్లలకు నీళ్ళు తాగడం గుర్తుచేయడానికి ప్రత్యేకంగా గంట కొట్టడం మొదలుపెట్టారు. 2024 వేసవిలో ఆంధ్రప్రదేశ్ బడుల్లోనూ రోజుకు మూడుసార్లు నీళ్ళ గంట కొట్టాలన్నారు. అందరి కోసం పెట్టిన గంటే గాని, దానివల్ల ఎక్కువ మేలు పొందేది సుంకన్నలాంటివాళ్ళే. గంట కొట్టడమొక్కటే చాలదు. కుండలో నీళ్ళుండాలి, మరుగుదొడ్డికి తలుపుండాలి. ఈ రెండూ లేని బడిలో గంట కొట్టి ఏం లాభం?

చింతపిక్కల లెక్క

ఈ జబ్బు గాలివల్లా నీటివల్లా వచ్చేది కాదు. తల్లిదండ్రుల నుంచి వస్తుంది. హీమోగ్లోబిన్ తయారీకి కావలసిన సూచన జన్యువులో ఉంటుంది. ప్రతివారికీ ఆ జన్యువు రెండు ప్రతులుంటాయి. ఒకటి అమ్మ ఇచ్చినది, ఒకటి నాన్న ఇచ్చినది. ఒక ప్రతి మంచిదై, ఒకటి కొడవలిదైతే ఆ మనిషికి జబ్బు రాదు. పొలం పనిచేస్తాడు, పరుగు పందెంలో గెలుస్తాడు, ముసలివాడవుతాడు. ఇటువంటివారిని వాహకులంటారు. రెండు ప్రతులూ కొడవలివైతేనే జబ్బు.

వాహకులైన ఇద్దరు పెళ్ళిచేసుకుంటే ఏమవుతుంది? అష్టాచెమ్మా ఆడే చింతపిక్కలు తీసుకోండి. అరగదీసిన పిక్కకు ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు కదా. ఒక పిక్క అమ్మ, ఒకటి నాన్న. తెలుపు పడితే కొడవలి జన్యువు, నలుపు పడితే మంచి జన్యువు అనుకుందాం. రెండూ కలిపి వెయ్యండి. నూరుసార్లు వేసి పుస్తకంలో రాసుకోండి. సుమారు పాతికసార్లు రెండూ తెలుపు పడతాయి: వీరు రోగులు. సుమారు యాభైసార్లు ఒకటి తెలుపు, ఒకటి నలుపు: వీరు వాహకులు. తక్కిన పాతికసార్లు రెండూ నలుపే. (మీ లెక్క దీనికి చాలా దూరంగా వస్తే తప్పు మీది కాకపోవచ్చు. చింతపిక్క రెండువైపులా సమానంగా ఉండదు. అప్పుడు రూపాయి బిళ్ళలతో బొమ్మా బొరుసూ వేసి చూడండి.)

ఆడుతున్నప్పుడే ఇంకొకటి కూడా కనిపిస్తుంది. ఒకసారి రెండు తెలుపులు పడ్డాక వెంటనే మళ్ళీ రెండు తెలుపులు పడవచ్చు. పిక్కలకు జ్ఞాపకం ఉండదు. "మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తరువాతి ముగ్గురికీ రాదు" అనుకోవడం పొరపాటు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్ళీ మొదటికే వస్తుంది.

మన తెలుగునాట, అందులోనూ రాయలసీమలో, మేనరికాలెక్కువ. మేనమామనో మేనత్త కొడుకునో చేసుకుంటారు. మేనరికం కొడవలి జన్యువును పుట్టించదు. కాని ఒక తాతకు ఆ జన్యువుంటే అది కొడుకులోనూ కూతురులోనూ, మనవరాలిలోనూ దాగి ఉండే అవకాశముంది. ఆ ఇంట్లోవాళ్ళే ఒకరినొకరు చేసుకుంటే రెండు తెల్ల పిక్కలు ఒకచోటికి చేరే అవకాశం పెరుగుతుంది. జాతకాలు కలవడం సంగతి ఎట్లా ఉన్నా, ఇటువంటి ఇళ్ళలో పెళ్ళికి ముందు రక్తపరీక్ష కాగితాలు కలిపి చూసుకోవడం మంచిది.

అయినా ఇంత చెడ్డ జన్యువు వేల ఏళ్ళుగా ఎందుకు నశించలేదు? దీనికి జవాబు మలేరియా. 1954లో ఆంథొనీ ఆలిసన్ అనే శాస్త్రజ్ఞుడు తూర్పు ఆఫ్రికాలో పరిశీలించి, వాహకులైన పిల్లలకు తీవ్రమైన మలేరియా తక్కువగా వస్తుందని చూపించాడు. దోమ మోసుకొచ్చే ఆ క్రిమి ఎర్రకణంలోనే పెరుగుతుంది. వాహకుని కణంలో దానికి సరిగా సాగదు. (దోమలో ఆ క్రిమిని రొనాల్డ్ రాస్ మొదట చూసింది 1897లో, మన సికింద్రాబాదులోనే.) మలేరియా నేలల్లో వాహకులు బతికి బట్టకట్టారు. వాళ్ళతోపాటు ఆ జన్యువూ బతికింది. అందుకే ఇది అడవి ప్రాంతాల్లో ఎక్కువ. 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో దీన్ని గుర్తించారు. తెలుగునాట విశాఖ, పార్వతీపురం మన్యాల్లో, ఆదిలాబాదు, భద్రాచలం అడవుల్లో కనిపిస్తున్నది. గిరిజనులు కానివారిలోనూ ఉంది. జన్యువు కులం అడగదు.

ఆ మన్యాలతో పోలిస్తే కర్నూలు, కడప వైపు ఈ జబ్బు తక్కువే. తక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది. కాని ఇందులో ఒక చిక్కుంది. రోగులెక్కువగా ఉన్నచోట ఆశా కార్యకర్త కూడా కళ్ళు చూసి పోల్చుకుంటుంది. తక్కువగా ఉన్నచోట ఎవరికీ గుర్తుకే రాదు. కీళ్ళనొప్పులంటే కీళ్ళవాతం అనుకుంటారు, కడుపునొప్పంటే నులిపురుగులంటారు, పచ్చకళ్ళంటే కామెర్లంటారు. ఏళ్ళు గడిచిపోతాయి. ఉద్యోగాలకోసం, కూలికోసం, పెళ్ళిళ్ళవల్ల మనుషులు ఒకచోటినుంచి ఇంకొకచోటికి పోతూనే ఉన్నారు. వాళ్ళతో జన్యువులూ ప్రయాణం చేస్తాయి.

డాక్టరు ఒక్కడివల్ల కాదు

మందులున్నాయా? ఉన్నాయి. కొత్త కణాల తయారీకి రోజూ ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇస్తారు. హైడ్రాక్సీయూరియా అనే మందు మరీ ముఖ్యం. తల్లి కడుపులోని బిడ్డకు వేరే రకం హీమోగ్లోబిన్ ఉంటుంది. అది కడ్డీలు పేనుకోకుండా అడ్డుపడుతుంది. అందుకే పుట్టిన బిడ్డకు మొదటి కొద్ది నెలలు ఏ బాధా ఉండదు. ఆ పసి హీమోగ్లోబిన్‌ను మళ్ళీ పుట్టించేది హైడ్రాక్సీయూరియా. దీన్ని డాక్టరు చెప్పినట్లు, మధ్య మధ్య రక్తపరీక్ష చేయించుకుంటూ వాడాలి. ఎముకమజ్జ మార్పిడితో పూర్తిగా నయం చేయవచ్చుగాని సరిపడే దాత దొరకాలి. 2023 చివర అమెరికాలో జన్యువునే సవరించే చికిత్సలకు అనుమతి వచ్చింది. వాటి ఖరీదు కోట్ల రూపాయల్లో ఉంది.

సరే, మందులున్నాయి. కాని ఆలోచించండి. సుంకన్న ఏడాదిలో డాక్టరు ముందు కూర్చునేది అంతా కలిపి ఒక రోజు కూడా ఉండదు. మిగిలిన రోజులన్నీ ఇంట్లో, బడిలో, ఊళ్ళో గడుస్తాయి. అతను బతకడం, బతకకపోవడం ఎక్కువగా అక్కడే తేలుతుంది. దీనికి గట్టి సాక్ష్యం జమైకా దీవి నుంచి వచ్చింది.

1973 నుంచి 1981 వరకు జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఒక పెద్ద కాన్పుల ఆసుపత్రిలో పుట్టిన లక్షమంది పిల్లల రక్తాన్ని పరీక్షించారు. జబ్బున్నవారు 300 పైచిలుకు తేలారు. గ్రాహం సర్జెంట్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఆ పిల్లలను ఏళ్ళ తరబడి కనిపెట్టి చూశారు. చిన్నపిల్లల్ని హఠాత్తుగా చంపుతున్నవాటిలో ఒకటి ప్లీహం ఉబ్బడమని తెలిసింది. ప్లీహం ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే అవయవం; అది ఉబ్బితే మన పెద్దవాళ్ళు "కడుపులో బల్ల" అంటారు. కొడవలి కణాలు ప్లీహంలో చిక్కుకున్నప్పుడు, కొన్ని గంటల్లోనే ఒంట్లోని రక్తంలో చాలాభాగం అక్కడికి చేరి నిలిచిపోతుంది. బిడ్డ పాలిపోయి, ఆసుపత్రికి చేరేలోపలే ప్రాణం పోవచ్చు.

అప్పుడేం చేశారు? కొత్త యంత్రాలేమీ తేలేదు. తల్లులకు వేళ్ళతో బిడ్డ పొట్ట తడిమి ప్లీహాన్ని గుర్తుపట్టడం నేర్పారు. ఉబ్బినట్లు తోస్తే, బిడ్డ తెల్లబోతే, ఆలస్యం చేయకుండా పరుగున తీసుకురమ్మన్నారు. ఈ జబ్బు వచ్చిన నూరుసార్లలో అంతకుముందు సుమారు 29 సార్లు మరణం సంభవించేది. తల్లులు నేర్చుకున్నాక అది సుమారు 3కు పడిపోయింది. చదువు అంతగా లేని తల్లుల వేళ్ళు చేసిన పని ఇది!

మన పొరుగున నీలగిరి జిల్లా గూడలూరులో 1990లో గిరిజనుల కోసం ఒక ఆసుపత్రి వెలిసింది. అక్కడి గిరిజన యువతులే నర్సులుగా, ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ పొందారు. కొడవలి రోగి ఇంటికి వెళ్ళేది, మందు వేసుకున్నావా అని అడిగేది తమ భాష మాట్లాడే తమ మనిషే కావడంతో రోగులు దాచుకోకుండా చెబుతారు. హైదరాబాదులో 1998లో తలసీమియా, కొడవలి కణ వ్యాధి ఉన్న పిల్లల తల్లిదండ్రులు, కొందరు డాక్టర్లు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. తలసీమియా కూడా హీమోగ్లోబిన్ జబ్బే. తీవ్రమైన తలసీమియా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ప్రతిసారీ దాత కోసం వెతుక్కుని అలసిపోయిన తల్లిదండ్రులు చివరకు తామే ఒక రక్తనిధిని నడిపే స్థితికి వచ్చారు.

ప్రభుత్వం వైపునుంచి 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో జాతీయ కార్యక్రమం ఒకటి మొదలైంది. 17 రాష్ట్రాల గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళలోపు వారిని 7 కోట్లమందిని పరీక్షించాలని దాని లక్ష్యం. 2025 నాటికి పరీక్షలు 6 కోట్లు దాటాయి. జబ్బున్నవారు 2 లక్షలకు పైగా తేలారు. పరీక్షలో మొదటి మెట్టు చాలా సులభం. వేలిమీద పొడిచిన చుక్క రక్తాన్ని ఒక ద్రావణంలో కలుపుతారు. గొట్టం వెనుక గీతలున్న కాగితం పెడతారు. గీతలు స్పష్టంగా కనిపిస్తే కొడవలి హీమోగ్లోబిన్ లేదు. మబ్బు కమ్మి గీతలు కనపడకపోతే ఉంది. ఆ మబ్బు పడినవారు రోగులా, వాహకులా అన్నది తేల్చడానికి మరో పరీక్ష కావాలి. పరీక్ష అయినవారికి ఒక కార్డు ఇస్తారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును వైకల్యాల జాబితాలో చేర్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఈ జబ్బున్నవారికి నెలకు 10,000 రూపాయల పింఛను మంజూరు చేశారు. అయితే ధ్రువపత్రం ఉండాలి. ధ్రువపత్రానికి జిల్లా ఆసుపత్రికి తిరగాలి. తిరగడానికి ఒక రోజు కూలి పోవాలి. కాగితాలు రాసిపెట్టే మనిషి ఊళ్ళో ఒక్కరున్నా ఆ ఇంటికి అది పెద్ద సాయం.

మరి మీ సంగతి? రక్తం ఇవ్వడానికి 18 ఏళ్ళు నిండాలి కాబట్టి మీరింకా చిన్నవాళ్ళు. చేయగలిగిన పని మాత్రం ఉంది. సుంకన్నకు నొప్పి మొదలైతే నేలమీద పడుకోబెట్టి గాలి కోసమని చల్లనీళ్ళు చల్లకండి. వెచ్చగా దుప్పటి కప్పి, తాగగలిగినన్ని నీళ్ళు కొద్దికొద్దిగా తాగించండి. నొప్పిచోట ఐసుగడ్డ పెట్టకూడదు. ఇంటికి కబురుపెట్టి, అతని డాక్టరు రాసిన నొప్పిమాత్రను పెద్దవాళ్ళచేత వేయించండి. జ్వరం వచ్చినా, గుండెలో నొప్పీ ఊపిరాడకపోవడమూ ఉన్నా, మాట తడబడినా, కాలో చెయ్యో పడిపోయినా, హఠాత్తుగా తెల్లగా పాలిపోయినా మాత్ర వేసి కూర్చోరాదు. 108కి ఫోను చేయాలి. జ్వరానికి అంత హడావిడి ఎందుకంటారా? క్రిములను వడకట్టే ప్లీహం ఈ పిల్లల్లో చిన్నతనంలోనే పాడైపోతుంది. మనకు మూడు రోజుల్లో తగ్గే జ్వరం వీరికి ఒక్క రాత్రిలో ముదరవచ్చు. అందుకే చిన్నపిల్లలకు పెన్సిలిన్, న్యుమోనియా టీకాలు తప్పనిసరిగా ఇప్పిస్తారు.

ఇంకో చిక్కు మన వైపే ఎక్కువ. ఆదోని, కోసిగి, పత్తికొండ ప్రాంతాల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు పత్తితీతకూ మిరపకోతకూ గుంటూరు వైపు వలసపోతాయి. ఊళ్ళో ఉన్నప్పుడు సుంకన్న ఇల్లు ఆశా కార్యకర్తకు తెలుసు. నెలకోసారి మందు ఇంటికే వస్తుంది. మిరపచేలో వేసుకున్న గుడిసెకు ఎవరు తెస్తారు? అక్కడి ఆసుపత్రిలో కొత్త డాక్టరు "ఎప్పటినుంచి ఈ నొప్పి?" అని మొదటినుంచి అడగడం ప్రారంభిస్తాడు. పిల్లవాడు అరుస్తూంటాడు. తండ్రికి జబ్బు పేరు నోటికి రాదు.

కొన్ని ఊళ్ళలో వలసవెళ్ళేవారి పిల్లల కోసం బడిదగ్గరే ఆ కొద్ది నెలలూ హాస్టలు నడుపుతారు. సుంకన్న అందులో ఉండిపోతే చదువూ మందూ రెండూ ఆగవు. వెళ్ళక తప్పకపోతే, అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో మీరే రాసివ్వవచ్చు: జబ్బు పేరు, రక్తం గ్రూపు, మామూలుగా హీమోగ్లోబిన్ ఎంత ఉంటుందో ఆ అంకె, రోజూ వేసుకునే మందులు, ఏ మందు పడదు, చూసే డాక్టరు ఫోను నెంబరు. పరీక్ష కార్డునూ దీన్నీ కలిపి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, రెండు నెలల మాత్రలతో సహా వాళ్ళమ్మ చేతికివ్వండి. బండి సాధారణంగా తెల్లవారుజామునే కదులుతుంది. ముందురోజు సాయంత్రమే ఇచ్చిరండి.